నాలుగో శిఖరం

ఆదివారం, మార్చి మూడో తారీకు

మహారాజశ్రీ భూతద్దం గారి సముఖానికి,

మీ మాజీ మిత్రుడు సన్నగీత నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. మీ క్షేమం వేరే అడగనక్కర్లేదు. రోజూ పొద్దున్నే ఎనిమిది కిలోమీటర్లు నడుస్తున్నారనీ, దారిలో కనపడ్డ ప్రతి బోర్డులోనూ తప్పులు పడుతున్నారనీ చెల్లెమ్మ ద్వారా తెలుస్తూనే ఉంది. మనం మాటలు మానేసి పదిహేనేళ్ళయినా, మన ఆడవాళ్ళు ఒక్క వారం కూడా ఫోను మానలేదు.

ఈ మీరూ గారూ నావల్ల కాదు గానీ, ఒరేయ్, అసలు సంగతికొస్తాను. నా దస్తూరీ చూడగానే చింపేస్తావేమోనని కవరు మీద అడ్రసు మా ఆవిడ చేత రాయించాను. ఇంతవరకూ చదివావంటే సగం గెలిచినట్టే.

మనం కొండలెక్కబోతున్నాం. నువ్వూ, నేనూ. మే పదో తారీకున బయలుదేరడం, తొమ్మిది రోజుల నడక, వీపున బ్యాగు, పడుకోవడానికి డేరా. బస్సు ఆగిపోయే చోటు నుంచి రెండు రోజులు నడిస్తే గానీ మొదటి కొండ మొదలు కూడా కనపడదట. ఏ కొండలనుకున్నావు? మనవే. కంప్యూటర్లు రాకముందు మన గదిలో చేత్తో గీసిన చివరి షీటులోవి.

ముప్పై ఏళ్ళు పక్కపక్క బల్లల మీద పటాలు గీశాం కదరా. నేను వెంట్రుక మందాన గీతలు లాగడం, నువ్వు భూతద్దం పెట్టి తప్పులు పట్టడం. అందుకే కదా మనకా పేర్లు! ఒకే ఎత్తున్న చోట్లన్నీ కలుపుతూ గోధుమరంగు సిరాతో కాంటూరు గీతలు లాగి, చుట్టలో చుట్ట ఇమిడి మూసుకుపోతే అదే శిఖరమని చుక్కపెట్టి ఎత్తు వేసేవాణ్ణి. నా చేతుల మీదుగా ఎన్ని వందల శిఖరాలు లేచాయో! ఇంతా చేసి నా కాళ్ళతో నేనెక్కింది ఆఫీసు మేడ ఒక్కటే. బల్ల దగ్గర టీ తాగరాదు, షీటు మీద మరక పడితే మొత్తం మళ్ళీ గీయాలి అని గోడ మీద ఎర్రక్షరాలతో ఉండేది, గుర్తుందా? మనం సరిగ్గా ఆ అక్షరాల కిందే కూర్చుని తాగేవాళ్ళం. ఓసారి నీ స్టీలు గ్లాసు కనపడకపోతే వారం రోజులు గదంతా గాలించావు.

మనకు చెడింది ఆ చివరి షీటు దగ్గరే. మూడు పెద్ద శిఖరాల దగ్గర పేచీ లేదు. తూర్పు మూలన నేను గీసిన నాలుగోది, 4218 మీటర్లది, నీకు మింగుడుపడలేదు. విమానం నుంచి తీసిన ఫోటోలో అక్కడ కొండ లేదన్నావు. నీడలో పడి కనపడటం లేదన్నాను. నీడకైనా ఒక దిక్కుంటుంది కదరా అన్నావు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు బిగుసుకున్నాను. నువ్వు సంతకం పెట్టనన్నావు. పెద్దాఫీసరు ఇంకొకరి చేత పెట్టించి, నీ కళ్ళు పాతబడ్డాయని అందరి ముందూ ఓ మాట విసిరాడు. నువ్వు భూతద్దం జేబులో వేసుకుని, కింది అంతస్తు రికార్డు గదికి బదిలీ అడిగి వెళ్ళిపోయావు. పదకొండేళ్ళు ఆ దుమ్ములో కూర్చున్నావు. మెట్ల మీద నేనెదురైతే గోడవైపు తిరిగేవాడివి.

నా రిటైర్మెంటు సభలో నలుగురూ నన్ను ఆకాశానికెత్తేస్తుంటే నువ్వు వెనక వరుసలో నేల చూస్తూ కూర్చున్నావు. ఆ పొగడ్తలొక్కటీ నా చెవికెక్కలేదు. నువ్వు లేచి ఒక్క తప్పు పడితే ఎంత బాగుండుననిపించింది.

సరే, ఏడుపు కబుర్లు ఆపుతాను. సన్నాహాలు జోరుగా ఉన్నాయి! పద్నాలుగు కిలోల పాత పుస్తకాలు బ్యాగులో కుక్కి, మా అపార్టుమెంటు నాలుగంతస్తులూ రోజుకు పన్నెండుసార్లు ఎక్కి దిగుతున్నాను. మొదట్లో మూడో అంతస్తావిడ తలుపు ఓరగా తీసి, మాకేం వద్దు, వేరే ఇంట్లో అమ్ముకోమంది. ఇప్పుడు నేనొచ్చే వేళకి మంచినీళ్ళు పట్టుకుని నిలబడుతోంది. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానందట అని మా ఆవిడ నెల్లాళ్ళు దెప్పింది. ఇప్పుడు తనే కింద కుర్చీ వేసుకుని లెక్కపెడుతోంది. పన్నెండుకి ఒకటి తగ్గినా ఆ పూట కాఫీ లేదు.

బూట్లు కొన్నాను. కాళ్ళకు అలవాటు పడేదాకా ఇంట్లో కూడా వేసుకు తిరగాలట. ఆ చప్పుడుకి పోలీసులొచ్చారని మనవరాలు రోజూ మంచం కింద దాక్కుంటోంది. డాక్టరమ్మ గుండె విని, మోకాళ్ళు వంచి చూసి, మెల్లగా ఎక్కితే ఫర్వాలేదంది. ఈ వయసులో ఎందుకండీ అని కూడా అడిగింది. ముప్పై ఏళ్ళు ఉత్తరాలు రాసిన మనిషిని ఒక్కసారైనా కళ్ళారా చూడాలని ఉండదా తల్లీ అన్నాను. చీటీ మీద సంతకం పెట్టిచ్చేసింది.

బ్యాగు సర్దడం ఒక పెద్ద విద్యరా. ప్రతి వస్తువూ వంటింటి త్రాసు మీద తూచాలి. టూత్‌బ్రష్షు కాడ కూడా సగానికి కోసేసుకోమంది మా గైడు. దువ్వెన నేనే తీసేశాను, కారణం నీకు తెలిసిందే. ఇంత పిసినారితనంలోనూ అందరూ వద్దంటున్న వస్తువొకటి అన్నిటికంటే ముందు సర్దిపెట్టాను. అదేమిటో చివర్లో చెబుతాను.

గైడంటే ముప్పై ఏళ్ళ పిల్ల. ఆ కొండల కిందే పుట్టి పెరిగింది. తాళ్ళూ డేరాలూ వేలాడే చిన్న గదే దాని ఆఫీసు. అది ఇచ్చిన ఫారంలో, డేరాలో ఉండబోయే రెండో మనిషి పేరు అని ఒక గడి ఉంది. పెన్ను పట్టుకుని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, నీ పేరు రాసేశాను. నేనొక్కణ్ణే వెళ్ళొచ్చు, వాళ్ళేమీ కాదనరు. కానీ వెళ్ళను. నువ్వు లేకుండా నాకా కొండలక్కర్లేదు. ఫారం జతచేశాను. ఇరవయ్యో తారీకులోగా నీ సంతకం అందకపోతే నా పేరు కూడా కొట్టేయమని చెప్పాను. కావలిస్తే భూతద్దం పెట్టి చదువు, తప్పులుంటే దిద్దు, సంతకం మాత్రం పెట్టు.

మూడూ ఎక్కుదాం. ఆ తర్వాత తూర్పుకి తిరిగి నాలుగోదాని సంగతి తేల్చుకుందాం. అది అక్కడ ఉందనుకో, నువ్వు నాకు క్షమాపణ చెప్పాలి. లేదనుకో, నలభై ఏళ్ళుగా పెంచిన నా మీసం తీయించేస్తాను. పందెం!

చెల్లెమ్మకు నా ఆశీస్సులు. నీ కోసం రెండు జతల ఉన్ని మేజోళ్ళు కొని ఉంచానని కూడా చెప్పు.

ఇట్లు,
పోస్టు కోసం రోజూ గేటు దగ్గర కాచుకునే
నీ సన్నగీత

తా.క. కవరు అంటించబోయి ఆగిపోయాను. నీతో మళ్ళీ అబద్ధంతో మొదలుపెట్టడానికి మనసొప్పలేదు. మీసం నిన్ననే తీయించేశాను. మా ఆవిడ చూసి పావుగంట నవ్వింది.

నాలుగో శిఖరం లేదురా. ఆ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు. ఆ రోజు నా గ్లాసు పగిలితే నీ స్టీలు గ్లాసులో టీ పోసుకుని, చూసుకోకుండా షీటు మీద పెట్టాను. తీసేసరికి గుండ్రటి మరక, అచ్చం మన సిరా రంగులో. నాలుగు నెలల పని మళ్ళీ మొదలుపెట్టాలంటే గుండె జారిపోయింది. ఆ మరక మీదే గీత లాగి, లోపల ఇంకో రెండు చుట్టలు చుట్టి, చుక్కపెట్టేశాను. ఎత్తు ఎంత వేయాలో తోచక కిటికీలోంచి చూస్తే కింద నీ స్కూటరు కనపడింది. 4218! కొండ లేదని అంత పోట్లాడావు గానీ నీ బండి నెంబరు నువ్వే గుర్తుపట్టలేదు. ఆ గ్లాసు మళ్ళీ నీ కంట పడితే నా మొహం చూసి కనిపెట్టేస్తావని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేశాను.

మొదట ఉద్యోగం పోతుందని భయం. నువ్వు కిందికి వెళ్ళిపోయాక చెప్పడానికి మొహం చెల్లలేదు. నీ కళ్ళు పాతబడలేదురా, నేనే పిరికివాణ్ణి. నన్ను క్షమించు. ఈ మాటే రాసి, సంతకం పెట్టి పోయిన నెల మన ఆఫీసుకూ పంపాను. ఆ షీటు ఇప్పుడెవరూ వాడటం లేదని ఒక్క ముక్కలో జవాబిచ్చారు. నా ఉత్తరం నకలు ఇందులో పెట్టాను, చెల్లెమ్మకు కూడా చూపించు.

గైడు పిల్లకు ఆ మూల చూపిస్తే పకపకా నవ్వింది. అక్కడ ఉన్నది చదునైన పచ్చికట, పక్కన చిన్న చెరువట. మన పటం పట్టుకొచ్చినవాళ్ళు కొండేదిరా అని కాసేపు వెతుక్కుని, గీసినవాణ్ణి తిట్టుకుని, అక్కడే కూర్చుని టీ కాచుకుంటారట. ఆ గీసినవాడు తన ఎదురుగానే ఉన్నాడని నేను చెప్పలేదు.

మనమూ అక్కడే కాచుకుందాం. బ్యాగులో అన్నిటికంటే ముందు సర్దింది నీ గ్లాసే. నూట పది గ్రాములు, అనవసరపు బరువంది గైడు. ఈసారి ఎక్కడ పెట్టుకున్నా ఫర్వాలేదు, వచ్చెయ్.