ఆరేళ్ల తర్వాత గుర్తొచ్చిన దేవుడు

అయోవా, అమెరికా, మార్చి 1926

తమ్ముడు ఎల్బర్ట్‌కు అన్న రాసేది.

పాస్టర్ రాండల్‌ని తీసెయ్యాలి, ఆదివారం ఓటుకు రమ్మని చర్చి పెద్ద హోదాలో నాకు రాశావు. దేవుడు లేడంటున్నాడట, అదీ కారణం. చదివి ఉమ్మేశాను.

దేవుడి సంగతి వదిలి మనిషిని చూడమని ఆయన ఆరేళ్లుగా చెబుతూనే ఉన్నాడు కదరా! నువ్వు ముందు బెంచీలో గురక పెట్టావు. మొన్న కబేళాలో పనిచేసే నల్లజాతి ఆయన పెట్‌వేనీ, భార్యాబిడ్డల్నీ ఆయన ఆ బెంచీలోనే కూర్చోబెట్టాడు.

"ఇది మా కుటుంబం బెంచీ, లేవయ్యా" అన్నావు.

"తెలీక కూర్చున్నాం సార్" అంటూ పాపం లేచాడు పెట్‌వే.

"మీరు కూర్చోండి. ఆయనకి ఇరుకైతే ఆయనే లేస్తాడు" అన్నాడు పాస్టర్.

ఆ సాయంత్రమే నీకు దేవుడు గుర్తొచ్చాడు. థూ!

నేను దేవుణ్ని నమ్ముతాను. రోజూ మోకరిస్తాను. అయినా ఆదివారం నా చెయ్యి ఆ నాస్తికుడి కోసమే లేస్తుంది. ఆ బెంచీ నాన్న చర్చికి డబ్బు కట్టి తీసుకున్నది, సగం నాది. నా సగంలో పెట్‌వే వాళ్లు కూర్చుంటారు. నీ సగంలో నువ్వు కూర్చుంటావో లేదో నీ ఇష్టం.

మీ అన్న