వదిన అరుపు, నా కాళ్ళు

జనవరి 9, గురువారం

మళ్ళీ పడ్డాను. మంచు మీద. జారడం మా కర్లింగ్ ఆటలో భాగమే. ఒక మోకాలు వంచి, నేలబారుగా జారుతూ రాయిని వదలాలి. రాయి వదలకముందే నేను పక్కకి ఒరిగిపోయాను. రాయి మాత్రం తన దారిన తను చక్కగా వెళ్ళింది.

తప్పు ఐస్ వేసేవాడిది అన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికెవడో అంది వర్నా వదిన. పోయిన నా భార్య ఎల్సీకి అక్క ఈవిడ. డెబ్భై తొమ్మిదేళ్ళు. మా టీమ్‌కి కెప్టెన్. అవతలి చివర నిలబడి, రాయి ఎటు పోవాలో అరుస్తుంది. కెనడాలోని మా మానిటోబా రాష్ట్రం మొత్తానికి వినపడుతుంది.

జనవరి 10

తుంటి నీలంగా ఉంది. పొద్దున్నే వదిన ఫోన్. బతికే ఉన్నావా అని అడుగుతుంది, రోజూ. ఉన్నానన్నాను.

జనవరి 14

ఆట అయ్యాక బంగాళాదుంప కూరిన పెరోగీలు తింటూ పంచాయితీ పెట్టారు. వదిన, మా టీమ్‌లో మిగతా ఇద్దరూ అయిన మెక్‌కే అన్నదమ్ములు ఒకవైపు, నేనొక్కణ్ణీ ఒకవైపు. ఫిబ్రవరి పోటీలోపు ఇంకోసారి పడితే కర్రతో ఆడాలట. వంగలేని ముసలివాళ్ళు నిలబడి కర్రతో రాయిని నెడతారు కదా, అలాగ. నాకు డెబ్భై ఆరే.

కర్రతో ఆడితే ప్రాణం పోతుందా అంది వదిన. పోతుంది. ఎల్సీ నన్ను మొదటిసారి చూసింది నేనలా జారుతున్నప్పుడే. రాయి ముందు మంచు రుద్దే చీపురు పట్టుకుని నిలబడి నవ్వింది. ఆ జారుడు పోతే నా దగ్గర ఇంకేం మిగులుతుంది?

జనవరి 16

కొత్త బూట్లు కొన్నాను. వంటింట్లో రేడియో పెట్టుకుని, హాకీ వింటూ, ఒంటి కాలి మీద కొంగలా నిలబడ్డాను. కదల్లేదు. మరి మంచు మీదే ఏమొస్తోంది?

ఒక సంగతి ఇక్కడ రాసుకోవచ్చు, చదివేవాళ్ళు లేరు. మంచు మీదకి వెళ్ళేముందు చెవి మిషన్లు తీసి కోటు జేబులో వేస్తాను. చలికి పాడవుతాయని అందరికీ చెప్పాను. అసలు కారణం వదిన గొంతు.

జనవరి 21

బయట మైనస్ ముప్పై. వదినే కారులో తీసుకెళ్ళింది. డాక్టరు బీపీ, కళ్ళు, మోకాళ్ళు అన్నీ చూసి బాగున్నాయని, చెవులు చూపించుకోమని పక్క గదికి పంపాడు. పడేది కాళ్ళు కదా, చెవులెందుకని అడిగాను. వెళ్ళండి అన్నాడు.

పక్క గదిలో మారివిక్ అనే ఫిలిప్పీన్స్ అమ్మాయి. ముందు గుబిలి తీసింది. ఎంత వచ్చిందో చెప్పను, సిగ్గు. మనిషిని పడకుండా నిలబెట్టే సరంజామా కూడా చెవి లోపలే ఉంటుందట. వయసు మీద పడ్డాక అది కొంచెం నీరసిస్తుందట. అప్పుడు చుట్టూ వినపడే చప్పుళ్ళు కూడా ఒంటికి ఆసరా ఇస్తాయట, నువ్వు ఫలానా చోట ఉన్నావని.

మెత్తటి దిండు మీద కళ్ళు మూయించి నిలబెట్టింది. మిషన్లు పెట్టుకుని, ఫ్యాన్ చప్పుడు వింటూ నిలబడితే బాగానే ఉన్నాను. తీసేసి నిలబెడితే ఊగిపోయి ఆ పిల్ల భుజం పట్టుకున్నాను.

ఆటలో ఇవి పెట్టుకుంటారా అని అడిగింది. వదిన పక్కనే ఉంది. ఎప్పుడూ పెట్టుకుంటానని చెప్పాను. అబద్ధమాడినా అతికినట్టుండాలి. వదిన నా వంక చూసి ఊరుకుంది.

అదే రోజు, సాయంత్రం

అంటే నిలబడాలంటే వదిన అరుపు వినాలి. వినకూడదంటే పడాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

జనవరి 23

పెట్టుకున్నాను. పడలేదు. అన్నీ విన్నాను. తలనొప్పి.

ఫిబ్రవరి 6

బంగాళాదుంపల బస్తా దించినట్టు రాయి వదులుతానట. అందరి ముందూ అంది వదిన. ఒళ్ళు మండి మిషన్లు తీసేశాను. పడ్డాను. మెక్‌కేలు కాఫీకి వెళ్ళారు, చూడలేదు. వదిన చూసింది.

ఫిబ్రవరి 7

పొద్దున్న ఫోన్ రాలేదు. మనిషే వచ్చింది, బోర్ష్ట్ సూపు గిన్నెతో. నా కర్ర సంగతి తేల్చడానికే వచ్చిందనుకున్నాను. గిన్నె బల్ల మీద పెట్టి, కోటు కూడా విప్పకుండా అడిగింది.

"ఏమయ్యా, నా గొంతు వినలేకేనా ఆ మిషన్లు తీసేస్తున్నావ్?"

అవునన్నాను. ఇక అబద్ధం అతకదు.

కోటుతోనే కుర్చీలో కూలబడింది. వదిన అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. మనసు చివుక్కుమంది. చివరికి అంది:

"చెల్లెల్నెలాగూ పంపించేశాం. నువ్వు కూడా తుంటి విరిగి మంచాన పడితే, పొద్దున్నే నేనెవరికి ఫోన్ చెయ్యాలి? పెట్టుకో. మెల్లిగా చెప్తాలే."

నేను పడ్డ సంగతి మెక్‌కేలకి చెప్పనంది. సూపులో ఉప్పు ఎక్కువైంది. అంతా తాగేశాను.

ఫిబ్రవరి 15, శనివారం

పోటీ. వదిన మాట నిలబెట్టుకుంది. అవతలి చివర నిలబడి గుసగుసలాడింది. మిషన్లు పెట్టుకున్నా ఏమీ వినపడలేదు. మొదటి రాయికే ఎడమవైపు ఊగాను, ఎలాగో ఆపుకున్నాను. రెండో రాయికి వంగి, జనమంతా ఉన్నా సరే, నేనే కేకేశాను.

"అరిచెయ్ వదినా, ఫర్వాలేదు!"

అరిచింది. పై రేకులు అదిరాయి. పక్క ఆటలవాళ్ళు ఆగిపోయి చూశారు. నేను జారాను. గీత గీసినట్టు, ఎల్సీ చూసిన రోజున జారినట్టు. వదిన చివరిదాకా అరుస్తూనే ఉంది, నేను చివరిదాకా పడలేదు.

ఓడిపోయాం. మా ఆటలో గెలిచినవాళ్ళే ఓడినవాళ్ళకి మందు పోయించాలి. కాబట్టి నష్టం లేదు.

ఫిబ్రవరి 17

వదిన గొంతు పూర్తిగా పోయింది. రెండు వారాలు నోరు విప్పొద్దని డాక్టరు చెప్పాడని వాళ్ళ కోడలు ఫోన్ చేసి చెప్పింది.

ఫిబ్రవరి 20

ఫోన్ మోగలేదు. ఇంట్లో ఏ చప్పుడూ లేదు. మిషన్లు చెవుల్లోనే ఉన్నాయి, బ్యాటరీలు కొత్తవి. వంటింట్లోంచి వీధి తలుపు దాకా గోడ పట్టుకుని నడిచాను. రేపు వదిన ఇంటికెళ్ళి ఎదురుగా కూర్చుంటాను. మాట్లాడకపోయినా దగ్గుతుంది కదా.