‘ఫైన్’ అనకూడని వారం

ఏప్రిల్ 6, 2020. ప్లేనో, అమెరికా.
యూనివర్సిటీ మూసేసి మమ్మల్ని ఇళ్లకి తోలేశారు. క్లాసులూ నా గదిలోనే, దిగులూ నా గదిలోనే. ఇవాళ వీడియో కాల్‌లో యూనివర్సిటీ కౌన్సెలర్ ఒక ఉపాయం చెప్పింది. ఎవరు ఎలా ఉన్నావన్నా ‘ఫైన్’ అనకూడదు, నిజం చెప్పాలి. ఇంతేనా! ఆ ఊపులో స్నానం కూడా చేశాను.

ఏప్రిల్ 7. ఉదయం.
అమ్మ అడిగింది. చెప్పేశాను. “నిద్ర పట్టట్లేదమ్మా. ఊరికే ఏడుపొస్తోంది.”
“దిష్టి తగిలిందే” అని తేల్చేసింది.
ఎవరి దిష్టి? ఈ మధ్య నన్ను చూసింది అమ్మా నాన్నే. అయినా ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి స్టవ్ మీద మాడ్చింది. స్మోక్ అలారం మోగింది. ఆఫీస్ వీడియో మీటింగ్‌లో ఉన్న నాన్నకి దగ్గు తెర. మేనేజర్ ఆయన్ని వెంటనే కోవిడ్ టెస్ట్ చేయించుకోమన్నాడు.

ఏప్రిల్ 8
ఎవరికీ చెప్పొద్దంటూ అమ్మ నా సంగతి తన ఫ్రెండ్ మృదుల ఆంటీకి చెప్పింది. మధ్యాహ్నానికల్లా గుమ్మం ముందు మూడిళ్ల పులిహోర. సాయంత్రం ఆంటీ ఫోన్. “ఏమ్మా ఉజ్వలా, ఎవరన్నా అబ్బాయా?”

ఏప్రిల్ 10
చిన్న సవరణ. అమ్మకి తప్ప అందరికీ నిజం చెప్తాను.
రాత్రి రూమ్మేట్ మీనా ఫోన్ చేసింది. తనే ఏడుస్తోంది పాపం. “నేను ఫైన్” అన్నాను. జాలితో అన్నది లెక్కలోకి రాదు.

ఏప్రిల్ 13
కౌన్సెలర్‌కే ‘ఫైన్’ అని చెప్పాను. ఛీ! అమ్మకీ అదే చెప్పాను. మిరపకాయలు పని చేశాయంది. క్లాసులో కెమెరా ఆపి దుప్పటి కప్పుకున్నాను. ఏడుపు మాత్రం మానలేదు.

ఏప్రిల్ 14
ఛార్జర్ కోసం గరాజ్‌లోకి వెళ్లాను. ఆగి ఉన్న కారులో కూర్చుని అమ్మ ఏడుస్తోంది. నన్ను చూసి చున్నీతో మొహం తుడుచుకుంది.
“ఎలా ఉన్నావమ్మా?”
“ఫైనే. బ్యాటరీ డౌన్ అవుతుందని స్టార్ట్ చేద్దామని వచ్చా.”
కారు కీ వంటింట్లో కొక్కేనికే ఉండటం వచ్చేటప్పుడు చూశాను. పక్క సీట్లో కూర్చున్నాను. “నేను ఫైన్ కాదమ్మా. నిన్న అబద్ధం చెప్పాను.”
“తెలుసే. అందుకే భయమేస్తోంది. ఏం చెయ్యాలో తెలీక మిరపకాయలు తిప్పాను. అవి తప్ప నాకేం వచ్చు?”
అమ్మని పట్టుకుని బాగా ఏడ్చాను. ఎన్నాళ్లకో కాస్త తేలికగా అనిపించింది.
ఇంతలో నాన్న గరాజ్ తలుపు తీశారు. “ఏమైంది? ఎలా ఉన్నారు ఇద్దరూ?”
“ఫైన్” అన్నాం, ఇద్దరం ఒకేసారి.
రేపటి నుంచి మళ్లీ మొదలు. ఈసారి అమ్మా నేనూ కలిసి. ముందు నాన్నకి చెప్తాం. మృదుల ఆంటీకి మాత్రం చచ్చినా చెప్పం.