జారిపడిన హారతి పళ్లెం

అన్నా,

ఈ పొద్దు నీ సంవత్సరీకం అయిపోయింది. పులివెందుల నుంచి వచ్చిన చుట్టాలంతా వెళ్లిపోయినారు. శానా అలసిపోయినా, కానీ నీకిది చెప్పాల.

ప్రొద్దుటూరు కాలేజీలో బయాలజీ చెప్పే నీ కూతురు శారదను, భోజనాలయినాక నీ పార్కిన్సన్స్ జబ్బు గురించి అడిగినా.

"ప్రతి కణంలోనూ శక్తిని తయారుచేసే భాగాలు, పాడైనదాన్ని తీసేసే భాగాలు ఉంటాయి చిన్నాయనా. అవి ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. ఈ జబ్బులో ఆ కబుర్లు అందవు. చెత్త లోపలే పేరుకుని, మన కదలికలను నడిపించే మెదడు కణాలు చచ్చిపోతాయి. నాయన తప్పేమీ లేదు" అనింది.

నువ్వు పూజారిగా ఉన్న జమ్మలమడుగు గుళ్లో నీ చేయి వణికి హారతి పళ్లెం జారిపడితే, పూజారి తాగినాడని ఊరంతా అనుకున్నారు. ఆ మధ్యాహ్నం నువ్వు పడుకుని ఉంటే, నేను వంగి నీ నోరు వాసన చూసినా. ఏ వాసనా లేదు. అయినా నీ తరఫున ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. నువ్వు గుడికి పోవడమే మానేసినావు.

ఇన్నేళ్లకు ఈ సంగతి వదినకు చెప్పినా. ఆమె విస్తళ్లు ఎత్తుతా, నా వైపు చూడకుండానే అనింది.

"ఆయనకు తెలుసు. ఆ పొద్దు ఆయన నిద్రపోలేదు. 'తమ్మునికి నిజం తెలిసిపోయిందిలే, ఇంక వాడే అందరికీ చెప్తాడు' అన్నాడు."