గరిటె పట్టిన యజమాని

పాపటోయిటోయి,
ఏప్రిల్ 7.

హామిల్టన్‌లోని ప్రిచర్డ్ హౌస్ మ్యూజియం మేనేజరు గారికి,

మీరంతా కులాసా అని తలుస్తాను. నేను మాత్రం కులాసాగా లేను. కారణం మీరే.

నా పేరు రాజేశ్వరమ్మ. ముప్ఫై ఏళ్లుగా పాపటోయిటోయిలో కేటరింగ్ చేస్తున్నాను. ఈ చుట్టుపక్కల నా పులిహోర లేకుండా తెలుగువాళ్ల పెళ్లి జరగదు. జరిగినవి కొన్ని ఉన్నాయి, అవి నిలవలేదు.

పోయిన ఆదివారం మా తెలుగు అసోసియేషన్ వెంకటలక్ష్మి మీ ఊరొచ్చి, 'ముత్యాల రాజు కెప్టెన్ ప్రిచర్డ్' అనే మీ ఎగ్జిబిషన్ చూసింది. అక్కడి ఫోటో ఒకటి ఫోన్లో తీసి నాకు పంపి, "వంట మీ రక్తంలోనే ఉందన్నమాట వదినా!" అని కింద నవ్వు బొమ్మ పెట్టింది.

ఫోటో ఆస్ట్రేలియాలోని బ్రూమ్ రేవులో ఎప్పుడో నూరేళ్లకి పైన తీసింది. వెనకాల ముత్యపు చిప్పలు ఏరే తెరచాప పడవలు. నేల మీద బంతి కూర్చున్న కళాసీలు. ఓ పక్కగా గొడుగు కింద కుర్చీలో ఒక దొర. ముందు, పెద్ద గుండిగ పక్కన, తలపాగా చుట్టి మీసం మెలేసి గరిటె పట్టుకున్న మనిషి. దాని కింద మీరు పెట్టిన చీటీ ఇదీ: 'కుర్చీలో ఉన్నది పడవల యజమాని కెప్టెన్ ప్రిచర్డ్. నిలబడి ఉన్నది వంటవాడు, పేరు తెలియదు.'

మీకు తెలియదేమో గానీ నాకు తెలుసు. ఆయన మైలపల్లి శేషయ్య, మా ముత్తాత. కోరంగిలో కళాసీగా ఓడెక్కి, బ్రూమ్‌లో ఎనిమిది పడవలకి యజమాని అయినవాడు. ఆయన ఇంటికి పంపిన ఒకే ఒక్క ఫోటో ఇది. కాకినాడలో మా ముందుగదిలో ఉండేది. నా పెళ్లిచూపులు కూడా దాని కిందే జరిగాయి. చీటీ వెంటనే మార్చండి.

ఇట్లు,
కోపంతో,
రాజేశ్వరమ్మ.

తా.క. నాకు ఇంగ్లీషు బాగానే వచ్చు. కోపమొస్తే మాత్రం తెలుగే వస్తుంది. చదివి పెట్టేవాళ్లని మీరే వెతుక్కోండి.

ఇంకో తా.క. సముద్రం లేని ఊళ్లో ముత్యాల మ్యూజియం అన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.


హామిల్టన్,
ఏప్రిల్ 16.

రాజేశ్వరమ్మ ఆంటీకి నమస్తే,

చదివి పెట్టేవాళ్లని వెతికారు ఆంటీ, నేను దొరికాను. నా పేరు మనస్విని. మాది వరంగల్. మాస్టర్స్ చేయడానికి వచ్చి ఇక్కడే సెటిల్ అయ్యాను. మ్యూజియంలో టికెట్లూ, గిఫ్ట్ షాపూ రెండూ నావే.

మీ ఉత్తరం చూసి మా మేనేజర్ గ్రెగ్ "ఎంత అందమైన లిపి!" అని ఫ్రేము కట్టించి గోడకి పెడదామన్నాడు. చదివి చెప్పాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

మంచి వార్త ఏమిటంటే చీటీ మార్చేశాం. ఇప్పుడు 'నిలబడి ఉన్నది ప్రధాన వంటవాడు శ్రీ మైలపల్లి శేషయ్య' అని ఉంది. 'ప్రధాన' అన్న మాట గ్రెగ్ స్వయంగా చేర్చాడు. మీరు సంతోషిస్తారని ఆయన నమ్మకం.

యజమాని అని రాయడం మాత్రం కుదరదట. పడవల లైసెన్సులన్నీ ప్రిచర్డ్ పేరు మీదే ఉన్నాయి. పైగా ఈ మ్యూజియం పెట్టిందే ఆయన మునిమనవడు గోర్డన్ ప్రిచర్డ్ గారు. మే నెలాఖరుకి ఎగ్జిబిషన్ ఇక్కడ అయిపోయి, చీటీలతో సహా బ్రూమ్ వెళ్లిపోతుంది. అక్కడ శాశ్వతంగా పెడతారట.

ఇట్లు,
మీ అమ్మాయిలాంటి
మనస్విని.

తా.క. గరిటె పట్టుకుని ఉన్నారు కదా ఆంటీ, నాకు కూడా వంటాయనే అనిపించింది. తిట్టకండి.


పాపటోయిటోయి,
ఏప్రిల్ 21.

చిరంజీవి మనస్వినికి ఆశీస్సులు.

నీ మీద నాకేం కోపం లేదు. నువ్వు కూడా ఆ గరిటెనే చూశావు కాబట్టి కొంచెం ఉంది.

'ప్రధాన వంటవాడు' అని మార్చారా? దొంగ అన్నారేమిటయ్యా అని అడిగితే గజదొంగ అని దిద్దినట్టుంది.

విను. మా ఇళ్లలో, అంటే కోరంగి వైపు పడవలున్న మా చుట్టాల్లో, ఒక ఆనవాయితీ ఉంది. సీజన్ మొదట్లో పడవలు నీళ్లలోకి దించే రోజు యజమాని కళాసీలందరికీ తన చేత్తో వడ్డించాలి. వండేది ఎవరైనా సరే, గరిటె మాత్రం ఆయనదే. అందరూ తిని లేచాక ఆఖర్న తను తినాలి. ఆ మనుషులు ప్రాణాలకి తెగించి సముద్రంలోకి దిగేది తన కోసం కదా, అందుకని. ఆ రోజు ఇంకెవరైనా గరిటె ముట్టుకుంటే పడవ నాదే అన్నట్టు లెక్క. మా నాన్నకి ఉన్నవి రెండే పడవలు. అయినా వడ్డించేవాడు. నేను కళ్లారా చూశాను.

ఇక లైసెన్సుల సంగతి. ఆ రోజుల్లో అక్కడి సర్కారు, మన రంగు వాళ్లకి పడవల లైసెన్సు ఇవ్వడం మానేసింది. అందుకని పడవలు ఎవరో దొర పేర పెట్టాల్సొచ్చిందని మా నాయనమ్మ చెప్పేది. తర్వాత తుఫానులో మా ముత్తాత పోయాడు. పడవలు దొర పేరు మీదే ఉండిపోయాయి. ఆ దొర ఎవరో ఇన్నాళ్లూ మాకు తెలియదు. ఇప్పుడు కుర్చీతో సహా తెలిసింది.

ఇంకో మాట కూడా మీ గ్రెగ్‌కి చెప్పు. వంటవాడు అన్నందుకు కాదు నా కోపం. నేనూ వంటమనిషినే. ఈ గరిటెతోనే ఇద్దరు పిల్లల్ని చదివించాను. ఆయన కష్టపడి సంపాదించుకున్నది బతికుండగా చట్టం లాక్కుంది. పోయాక మీ చీటీ లాక్కుంటోంది. అది జరగనివ్వను.

ఎగ్జిబిషన్ ఆఖరి రోజున నా గుండిగ, నా గరిటె పట్టుకుని వస్తున్నాను. మీ అందర్నీ కూర్చోబెట్టి నా చేత్తో అన్నం పెడతాను. యజమాని అంటే ఎవరో అప్పుడు తెలుస్తుంది. ఇది బెదిరింపే అని అతనికి స్పష్టంగా చెప్పు.

ఇట్లు,
శేషయ్య మునిమనవరాలు
రాజేశ్వరమ్మ.

తా.క. నువ్వు సరిగ్గా తింటున్నావా? ఉత్తరంలో అక్షరాలు నీరసంగా ఉన్నాయి.


హామిల్టన్,
మే 5.

రాజేశ్వరమ్మ ఆంటీకి నమస్తే,

బెదిరింపని స్పష్టంగానే చెప్పాను ఆంటీ. గ్రెగ్, "భోజనం పెడతానని బెదిరిస్తున్నారా?" అన్నాడు. అవునన్నాను. "ఫ్రీగానా?" అన్నాడు.

అక్కడి నుంచి విషయం నా చేయి దాటిపోయింది. ముగింపు వేడుకకి భోజనాలు మీవేనని అందరికీ ఆహ్వానాలు వెళ్లిపోయాయి. గోర్డన్ ప్రిచర్డ్ గారు కూడా వస్తున్నారు. మీ ఫుడ్ సేఫ్టీ కాగితాల కాపీ పంపమన్నాడు గ్రెగ్. గోధుమ పడనివాళ్లు కొందరు, పాలూ పెరుగూ కూడా ముట్టని వీగన్లు కొందరు ఉన్నారట. దయచేసి గమనించగలరు.

రెండో వార్త కూర్చుని చదవండి. మీ ఆనవాయితీ గురించి విని గ్రెగ్ కదిలిపోయాడు. ఆ కదలడంలో శేషయ్య గారి ఫోటోని 'సముద్రం మీద తిండి' అనే గదిలోకి మార్చేశాడు. గరిటెతో ఉన్న పోస్టరు ఒకటి వాకిట్లో నిలువెత్తున పెట్టించాడు. అంతటితో ఆగలేదు. గిఫ్ట్ షాపు కోసం గిన్నెలు తుడుచుకునే టవళ్లు అచ్చేయించాడు. వాటి మీద శేషయ్య గారే, మీసంతో సహా. నేను వద్దని చెప్పి చూశాను ఆంటీ. "ఇంతకన్నా గౌరవం ఏముంటుంది?" అన్నాడు. పాపం, మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఇట్లు,
మధ్యలో నలిగిపోతున్న
మనస్విని.

తా.క. వెంకటలక్ష్మి ఆంటీ ఫోన్ చేసి ఆరు టవళ్లు తెప్పించుకున్నారు. కార్డు పని చేయకపోతే బాగుండునని కోరుకున్నాను. చేసింది.


పాపటోయిటోయి,
మే 11.

చిరంజీవి మనస్వినికి,

ఎనిమిది పడవల యజమాని మొహంతో పెనాలు తుడుస్తున్నారా! మంచిది. రావాలా వద్దా అని ఏ మూలో ఒక సందేహం ఉండేది. అది కూడా పోయింది.

గోధుమ పడనివాళ్లకి అన్నం ఉంది. వీగన్లకి పులిహోర ఉంది. ప్రిచర్డ్ గారికి మాత్రం ఎండు నెత్తళ్ల పులుసు పోస్తాను. ఆ పడవల దగ్గర ప్రతి సీజన్‌కీ మా ముత్తాత వడ్డించింది అదేనట. నాలుగు కన్నీళ్లు కార్చాక నాతో మాట్లాడమను.

ఫుడ్ సేఫ్టీ కాగితాలు జత చేశాను. అందులో నాకు ఎ గ్రేడు. మీ చరిత్రకి ఏ గ్రేడు ఇస్తారో కనుక్కో.

ఇట్లు,
వచ్చి తీరే
రాజేశ్వరమ్మ.

తా.క. వెంకటలక్ష్మి ఒక టవలు ఓవెన్ హ్యాండిల్‌కి తగిలించింది. నిన్న వాళ్లింటికి కాఫీకి వెళ్లి, వచ్చేటప్పుడు చేతిసంచీలో పెట్టుకుని తెచ్చేశాను. అది దొంగతనం కాదు, విడిపించడం.


హామిల్టన్,
జూన్ 2.

రాజేశ్వరమ్మ ఆంటీకి,

కొంప మునిగింది. నమస్తే రాయడం కూడా మర్చిపోయాను. నమస్తే.

మొన్న మీరు వచ్చి అందర్నీ నేల మీద బంతి కూర్చోబెట్టడం వరకు బాగానే ఉంది. గ్రెగ్ మోకాళ్లు ఇంకా నొప్పిగానే ఉన్నాయట గానీ, అది వేరే సంగతి. గోర్డన్ గారు పులుసు రెండుసార్లు వేయించుకోవడం మీరూ చూశారు. తర్వాత ఆయన "మీరు కూర్చోరా?" అని అడిగారు. మీరు గరిటె దించకుండా, "యజమాని ఆఖర్న తింటుంది" అని ఇంగ్లీషులో గట్టిగా చెప్పారు.

అంతే ఆంటీ. ఆయన మొహం పాలిపోయింది. ప్లేటు కింద పెట్టి లేచారు. శేషయ్య గారి ఫోటో దగ్గర చాలాసేపు నిలబడి, ట్రక్కు స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు. ఇంటికి వెళ్తే తాళం వేసి ఉంది.

గ్రెగ్ గిలగిల్లాడుతున్నాడు. "ఆమె ఆయన్ని అవమానించింది, మ్యూజియం మూసేస్తాడు" అని నా మీద ఎగురుతున్నాడు. నేను కూడా ఊరుకోలేదు. "ఆంటీ చెప్పిన దాంట్లో తప్పేమున్నది? నిజం చెప్తే అవమానమైతదా?" అని తెలుగులోనే అనేశాను. అర్థం కాకపోయినా వెనక్కి తగ్గాడు.

కానీ శుక్రవారం పెట్టెలు కట్టేస్తారు. చీటీ మారకుండానే బ్రూమ్ వెళ్లిపోతుంది. మీరు క్షమాపణగా రెండు ముక్కలు రాస్తే గోర్డన్ గారు కనీసం మాట్లాడతారేమో.

ఇట్లు,
మనస్విని.

తా.క. ఆ పులుసు తింటుంటే మా అమ్మ గుర్తొచ్చి గిఫ్ట్ షాపులో కూర్చుని ఏడ్చాను. చేతికి దొరికిన టవలుతోనే కళ్లు తుడుచుకున్నాను. శేషయ్య గారిని క్షమించమని చెప్పండి.


పాపటోయిటోయి,
జూన్ 4.

చిరంజీవి మనస్వినికి ఆశీస్సులు.

క్షమాపణ రాయను. రాయాల్సిన అవసరం కూడా లేదు. గోర్డన్ ఫోన్ ఎందుకు ఎత్తడం లేదంటే, చేతులకి చింతపండు అంటుకుని ఉంది. మూడు రోజులుగా మా వంటింట్లోనే ఉన్నాడు.

వేడుక మర్నాడు పొద్దున్నే తలుపు తీసేసరికి గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పోట్లాటకి వచ్చాడనుకుని నేను కొంగు బిగించాను. అతను, "ఆ మాట మీకు ఎవరు చెప్పారు?" అని అడిగాడు. ఏ మాట అన్నాను. "యజమాని ఆఖర్న తింటాడు" అన్నాడు.

వాళ్లింట్లో క్రిస్మస్ రోజున ఒక పద్ధతి ఉందట. ఇంటికి పెద్దవాడు చేపల పులుసు అందరికీ తన చేత్తో వడ్డించి, "యజమాని ఆఖర్న తింటాడు" అని, ఆఖర్న తినాలి. నాలుగు తరాలుగా అంటున్నారు. ఎందుకంటున్నారో ఎవరికీ తెలియదు. పులుసులోకి చింతపండు దొరక్క ఇన్నాళ్లూ వెనిగర్ పోస్తున్నారు పాపం.

నేను ఆ మాట అనేసరికి చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ చెవిలో చెప్పి ఒట్టు వేయించుకున్న సంగతి అతనికి గుర్తొచ్చిందట. వాళ్ల ముత్తాత కెప్టెనూ కాదు, ఏమీ కాదు. పడవెక్కితే వాంతులు. ఎప్పుడూ ఒడ్డునే ఉండి కళాసీలకి వండిపెట్టేవాడు.

అవును తల్లీ. మీ ఫోటోలో వంటవాడు ఉన్నాడు. కుర్చీలో ఉన్నాడు.

తెల్లారకముందు నుంచి అంతమందికి వండి నడుం పట్టేస్తే, మా ముత్తాతే తన కుర్చీలో కూర్చోబెట్టి తన గొడుగు పట్టించాడట. చట్టం వచ్చినప్పుడు నమ్మదగిన దొర అతనొక్కడే అని పడవలు అతని పేర పెట్టాడు. తుఫాను తర్వాత మా వాళ్లెవరో, ఎక్కడున్నారో వెతకడానికి బదులు అతను పడవలు అమ్మేసి, ఆస్ట్రేలియా వదిలి ఈ దేశం వచ్చి ఆవుల్ని కొన్నాడు. కెప్టెన్ అన్న పేరు దారిలో ఎక్కడో తగిలించుకున్నాడు. పులుసూ, ఆ మాటా మాత్రం వదిలిపెట్టలేకపోయాడు.

చెబుతూ చెబుతూ గోర్డన్ ఏడ్చాడు. నాకూ ఆగలేదు. "మీకేం కావాలో అడగండి" అన్నాడు. నీ ఆవులూ వద్దు, పొలమూ వద్దు, చీటీ మార్చు అన్నాను. ఇద్దరం ఇక్కడే బల్ల దగ్గర కూర్చుని రాశాం. శుక్రవారం పెట్టెలు కట్టేలోపు ఇదే పెట్టాలని అతను సంతకం కూడా చేశాడు:

'నిలబడి వడ్డిస్తున్నది పడవల యజమాని మైలపల్లి శేషయ్య. కుర్చీలో కూర్చున్నది వంటవాడు ప్రిచర్డ్. గొప్ప వంటవాడు.'

"గొప్ప" అవసరమా అని గోర్డన్ నసిగాడు. ఆ మాట ఉండాల్సిందే అన్నాను. వంటవాడు అంటే తక్కువ అనుకునేవాడికి నా గరిటె ఇవ్వను, పులుసు కూడా నేర్పను అన్నాను. దాంతో సంతకం పెట్టాడు. ఇప్పుడు నెత్తళ్ల తలలు తీయడం నేర్చుకుంటున్నాడు. తీస్తున్న తీరు చూస్తే నడుం వాళ్ల ముత్తాతదే వచ్చినట్టుంది.

ఆదివారం బస్సెక్కి రా. అందరం తిన్నాక నేను తింటాను.

ఇట్లు,
పడవల యజమాని మునిమనవరాలు
రాజేశ్వరమ్మ.

తా.క. టవళ్లు ఆపొద్దని గ్రెగ్‌కి చెప్పు. ఈసారి కుర్చీలో ఉన్నాయన బొమ్మ వేయమను. గోర్డన్ ఒప్పుకున్నాడు.

ఇంకో తా.క. వెంకటలక్ష్మి టవలు ఆమెకి తిరిగి ఇచ్చేశాను. మిగతా అయిదింటిలో ఒకదానికి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకుంది. ఇంటికొచ్చినవాళ్లందరికీ శేషయ్య గారు తమకి దూరపు చుట్టమని చెబుతోంది.