మిద్దె పని ఆపెయ్

పార్థిబా, మేస్త్రీ వస్తే వెనక్కి పంపెయ్. మగ్గం గది గోడ మీద ఇంకొక్క ఇటుక పెట్టనియ్యద్దు. పని ఆపమని మునిసిపాలిటీ వాళ్ళు ఇందాకే తలుపుకు నోటీసు అంటించి పోయినారు. "పాత పెంకులు మార్చుకుంటే మేమేమీ అడగమమ్మా. గోడలు లేపి మిద్దె వేసేదానికి అనుమతి కావాల" అన్నాడు వచ్చినాయన.

అనుమతి తీసుకునేదాకా ఆగరా అని నేను మొత్తుకుంటే, "ముహూర్తం దాటిపోతుందక్కా" అని పెంకులన్నీ దింపించినావు. పంతులు కోసం పరదరామికి మూడుసార్లు తిరిగినావే, పక్కవీధిలో ఆఫీసుకు ఒక్కసారి పోలేకపోయినావా? గుంత మగ్గాన్ని ఎత్తి పక్కన పెట్టేదానికి కుదురుతుందా? వాన రాకముందే పడుగు మీద టార్పాలిన్ కప్పు. తడిసిందంటే నా నెల రోజుల నేత మట్టిపాలు.

ఇంటి పట్టా తీసుకొని నేనే ఆఫీసుకు పోతున్నా.

అక్క కోకిల

మా తమ్ముడు తెలియక చేసినాడనే అక్కడ చెబుతా. ఇంటికొచ్చినాక నాతో మాత్రం ఆ మాట అనబాకు.