వాగు గట్టు మీద వాడి వెనకాల

సిద్దిపేట,
అక్టోబరు 2011

సుమిత్రకు,

నీ మధుసూదన్ రాసేది. నువ్వూ, నీతో గదిలో ఉండే నర్సమ్మలూ మస్కట్‌లో చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేను, అమ్మ, వినయ్ కుశలం. ఉత్తరం మొదట్లో ఈ ముక్క రాయాలి కాబట్టి రాశాను. ఎంత కుశలమో చివరిదాకా చదివి నువ్వే తేల్చుకో. మధ్యలో ఆపి మాత్రం ఫోన్ చేయకు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోన్‌లో నేను అబద్ధం బాగా చెబుతున్నాను. "అంతా మంచిగనే ఉన్నం" అనేస్తాను, నువ్వు నమ్మేస్తావు. పైగా వినయ్ పక్కనే ఉంటాడు. అందుకని సెలవు అయిపోయి తిరిగొస్తున్న మన అన్సార్ భాయ్ చేతికి ఇస్తున్నాను. మామిడికాయ తొక్కు కూడా పంపాను. సీసా మూత నేనే బిగించాను, నూనె కారితే నన్నే తిట్టు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ బీపీ గోలీలు వేసుకుంటోంది, కానీ నేను చూస్తుంటేనే. బస్సులు ఇంకా డిపో దాటలేదు. సకల జనుల సమ్మె అన్నాక డ్రైవర్లం మేమెట్లా ఎక్కుతాం? డిపో ముందు టెంటు వేసుకుని కూర్చుంటున్నాం. బతుకమ్మ ఈసారి మన గల్లీలో బాగా ఆడారు. పక్కింటి చంద్రవ్వ నీ పేరు తలుచుకుంది.

ఇక, "వినయ్ ఎందుకు మాట్లాడడం లేదు, ఎప్పుడు చేసినా సైకిల్ మీద పోయిండంటవు" అని అడిగావు. అది సగం నిజమే. వాడి సైకిల్ పిచ్చి నీకు తెలిసిందే. తారురోడ్డు తగలకుండా కోమటిచెరువు కట్ట మీది నుంచి దిగి, కాలువ గట్లు పట్టుకుని, తాటివనంలోంచి కూడవెల్లి వాగు ఒడ్డుకు చేరి, ఆ ఒడ్డు వెంబడే మిరుదొడ్డి దాకా పోతాడు. ఎక్కడ నీడ ఉంటుందో, ఎక్కడ దిగి నడిపించాలో అంతా వాడికి కంఠతా వచ్చు. ఆ దారి వాడొక్కడే కనిపెట్టలేదు. వాడి క్లాసు పిల్లవాడు కర్ణాకర్, మిరుదొడ్డి దగ్గరి పల్లె వాడు, అటునుంచి వచ్చేవాడు. వీడు ఇటునుంచి పోయేవాడు. ఇద్దరూ వాగు దగ్గర కలుసుకునేవాళ్లు. మన ఇంటికి కూడా వచ్చాడు, నీ చేతి సర్వపిండి తిని మళ్లీ అడిగాడు, గుర్తుందా?

ఆ పిల్లవాడు లేడు సుమిత్రా. పోయిన నెల తెలంగాణ కోసమని ప్రాణం తీసుకున్నాడు. నీకు చెప్పలేదు. చెబితే నువ్వు మొదట అడిగేది వినయ్ ఎట్లా ఉన్నాడనే, దానికి నా దగ్గర జవాబు లేదు.

వాడు తినడం తగ్గించాడు. పిలిస్తే పలుకుతాడు, అంతే. తెల్లారగానే సైకిల్ తీసుకుని ఒక్కడే ఆ వాగు వైపే పోతున్నాడు. నాకు భయం పట్టుకుంది. వాడి గది తలుపుకు గడియ ఊడదీసి, స్క్రూలు పాడైనయ్ అని చెప్పాను. కిరోసిన్ డబ్బా, పొలం మందులు చంద్రవ్వ ఇంట్లో పెట్టించాను. అమ్మ గోలీలు కూడా నా జేబులోనే తిప్పుతున్నాను. వాడు స్నానానికి పోతే బయట నిలబడి ఏదో ఒకటి అడుగుతుంటాను, గొంతు వినపడాలని.

చివరికి నా పాత అట్లాస్ సైకిల్ దింపి, "నేను గూడ వస్త, బస్సు లేక కాళ్లు పట్టేసినయ్" అన్నాను. వద్దనలేదు. ఇన్నేళ్లు ఇంత పెద్ద బస్సు నడిపినవాణ్ని, జానెడు గట్టు మీద నిలవలేక మొదటిరోజే పొలంలో పడ్డాను. నడుం దాకా బురద. చూసుంటే నువ్వు పడీపడీ నవ్వేదానివి. వాడు నవ్వలేదు. లేపి, బురద తుడిచి, మళ్లీ ముందు పోయాడు. ఆ దారి చాలా బాగుంటుంది సుమిత్రా. గునుగు తెల్లగా పూసి ఉంది, కొంగలు మనల్ని చూసి లేవను కూడా లేవవు. నాకు అవేవీ కనిపించలేదు. గట్టు పక్కన బావులే కనిపించాయి. ఒక్కో బావి దగ్గర వాడు నెమ్మదిస్తే నేను కాలు కింద పెట్టి ఆగేవాణ్ని. వాడు బావి దాటాక తొక్కేవాణ్ని.

ఇప్పటిదాకా రాసింది తేలికైనదే. ఇప్పుడు రాసేదాని కోసమే ఈ ఉత్తరం.

కర్ణాకర్ పోయిన తర్వాత మా టెంటులో వాడి ఫొటో పెట్టి దండ వేశాం. జోహార్లు చెప్పాం. అమరుడైన ప్రతి బిడ్డకూ అలాగే చేస్తాం, ఒకరు లేచి నాలుగు మాటలు మాట్లాడతారు. ఆ రోజు మైకు నాకిచ్చారు. ఎదురుగా వాళ్లమ్మ కొండవ్వ కూర్చుని ఉంది. ఆమెకు ధైర్యం చెప్పాలనుకున్నాను. జనం చప్పట్లు కొడుతుంటే ఊపొచ్చింది. "ఇంటికొక్కడు గిసుంటి బిడ్డ పుడితే తెలంగాణ ఎందుకు రాదు? నా ఇంట్ల గూడ ఉన్నడొకడు!" అన్నాను. టెంటు దద్దరిల్లింది. నాకు గర్వంగా కూడా అనిపించింది, దాచను. అప్పుడు చూశాను, వెనక టెంటు తాడు పట్టుకుని వినయ్ నిలబడి ఉన్నాడు. అందరూ చప్పట్లు కొడుతున్నారు, వాడు నా ముఖమే చూస్తున్నాడు.

ఆ మర్నాడు అడిగాడు: "బాపూ, నిన్న అన్న మాట నిజంగనే అన్నవా?" నేను షర్టు గుండీలు పెట్టుకుంటూ "మరి కాదా?" అన్నాను. వాడి వైపు చూడను కూడా లేదు. అప్పటినుంచే వాడు మాట్లాడడం మానేశాడు. సమ్మె కాదు, పోలీసులు కాదు, వాణ్ని ఆ అంచుకు నెట్టింది నేను సుమిత్రా.

మొన్న వాగు మీది చెక్‌డ్యామ్ దగ్గర వాడు ఆగి కూర్చున్నాడు. నీళ్లు నిండుగా ఉన్నాయి. వాడికీ నీళ్లకూ మధ్యన కూర్చున్నాను.

"ఆనాడు మైకుల చెప్పింది అబద్ధం బిడ్డా. నా ఇంట్లకెల్లి నేను ఎవ్వర్ని ఇయ్య. నాకు నువ్వు గావాలె" అన్నాను. ఏడ్చాను కూడా.

వాడు నా వైపు తిరిగాడు. "గీ మాట నాకే చెప్తున్నవ్. గాడ నా అసుంటోళ్లు ఎంతమంది ఇన్నరు? గది గూడ మైకుల చెప్తవా?"

చెబుతానని వెంటనే అనలేకపోయాను. కొండవ్వ గుర్తొచ్చింది. ఆమెకు మిగిలింది ఆ గౌరవమొక్కటే, దాన్ని నేనే లాగేసుకోవాలా? అదే అన్నాను. "అయితె అడుగుదాం పా" అని లేచాడు. వాగు వెంబడే వాళ్ల పల్లెకు పోయాం. దారంతా వాడే ముందు.

కొండవ్వ మక్కకంకులు ఒలుస్తోంది. విషయం వినయే చెప్పాడు. ఆమె ఒలవడం ఆపలేదు.

"నువ్వు గట్ల మాట్లాడినప్పుడు నా కొడుకు పెద్దోడైండని చేతులెత్తి మొక్కిన అన్నా. ఇంటికొచ్చినంక పళ్లెం ముంగట పెట్టుకుంటె వాడు లేడు" అంది. తర్వాత వినయ్ వైపు చూసి, నాతో, "చెప్పు. అందరికి ఇనవడేటట్టు చెప్పు. నేను గూడ వచ్చి నీ పక్కన నిలవడ్త" అంది.

నిన్న టెంటులో మైకు అడిగి తీసుకుని చెప్పాను. "ఆనాడు నేనన్న మాట తప్పు. తెలంగాణ గావాలె. కొట్లాడి తెచ్చుకుందాం, జైలుకు పోదాం. పానం మాత్రం ఎవ్వరు తీసుకోవద్దు. కొడుకుల్ని పోగొట్టుకుని వచ్చిన రాజ్యంల మనం ఎవరి ముఖం జూసి బతకాలె?" అన్నాను. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. వెనకనుంచి ఎవరో "డ్రైవర్ సాబ్ భయపడ్డడు!" అని అరిచారు. "అవు, భయపడ్డ" అన్నాను. కొండవ్వ నా పక్కనుంచి కదలలేదు. వినయ్ సైకిలెక్కి ఇంటికి వచ్చాడు.

ఈ పొద్దున లేచేసరికి వాడి పక్క ఖాళీగా ఉంది. వాకిట్లో చూస్తే వాడి సైకిల్ గోడకే ఆనించి ఉంది. సైకిల్ లేకుండా గడప దాటని పిల్లవాడు! నాకింకేం తోచలేదు. లుంగీతోనే, చెప్పుల్లేకుండా చెరువు వైపు పరుగెత్తాను. దారిలో అక్రమ్ పంక్చర్ దుకాణం ముందు ఎవరో "బాపూ" అని పిలిచారు. నా అట్లాస్ తలకిందులుగా పెట్టి ఉంది, వినయ్ చేతులనిండా గ్రీజు. నా సైకిల్ వాకిట్లో లేదన్న సంగతి నేను చూసుకోనేలేదు.

"గిట్ల ఉరుకుతున్నవేంది?" అన్నాడు. నా కాళ్ల వైపు చూశాడు, అర్థమైంది వాడికి. తల దించుకుని బ్రేకు బిగించాడు.

"నీ బ్రేకులు పట్టుతలేవు బాపు. గట్టు దిగుతుంటె యాడ బాయిల పడుతవో అని నాకు రోజూ గుబులే. ఎన్కకు జూసుకుంటనే తొక్కుతున్న" అన్నాడు.

బావుల దగ్గర వాడు నెమ్మదించింది అందుకట. అక్రమ్ స్టూలు వేస్తే దాని మీద కూలబడ్డాను.

అంతా తీరిపోయిందని రాయను. భయం పోలేదు, గడియ మళ్లీ బిగించలేదు. డాక్టరు దగ్గరికి పోదామంటే సరేనన్నాడు, సోమవారం తీసుకుపోతున్నాను. మీ దవాఖానలో ఇలాంటి పిల్లల్ని చూసే డాక్టరుంటే ఇంట్లో ఎట్లా మెలగాలో అడిగి చెప్పు. ఫోన్ చేసినప్పుడు చదువు గురించి అడగకు. నన్ను తిట్టాలనుంటే వాడు లేనప్పుడు తిట్టు, ఎంతైనా తిట్టు. వాణ్ని మాత్రం ఒక్కటే అడుగు, నువ్వు వచ్చాక వాగు వెంబడి ఎక్కడిదాకా తీసుకుపోతాడో అని. వాడు ఆలోచించుకుని చెప్పేదాకా ఫోన్ పెట్టకు. చెప్పింది మర్చిపోకుండా నాకు చెప్పు.

ఇట్లు,
వినయ్ వాళ్ల బాపు